ప్లేటులో ఏం మిగిలిందో చూడు

మా ఇంట్లో దేవుడి అలమారలో, కుంకుమ భరిణె పక్కన, ఒక టీ గ్లాసు తొడుగు ఉంటుంది. వేడికి చెయ్యి కాలకుండా గ్లాసును అందులో దించి, పిడి పట్టుకుని తాగాలి. రష్యావాళ్లు దాన్ని పొద్‌స్తకాన్నిక్ అంటారు. మా నాన్నకి నోరు తిరక్క ‘పొస్తకానీ’ అనేవాడు. దాని మీద భూగోళం, చుట్టూ తిరుగుతున్న స్పుత్నిక్, నాలుగు చుక్కలు. అడుగున కొల్చూగినో ఫ్యాక్టరీ ముద్ర. ఇత్తడి మీద నికెల్ పూత వేసిన వస్తువది. మా అమ్మ ఏమనుకుందో గాని, ప్రతి పండక్కీ చింతపండు పెట్టి తోమీ తోమీ పూత సగం లేపేసింది. ఇప్పుడు మా స్పుత్నిక్ పసుపురంగులో ఉంటుంది.

1961లో భిలాయ్ హోటల్లో గది ఖాళీ చేస్తూ ఒక సోవియట్ ఇంజినీరు దాన్ని మా నాన్న చేతిలో పెట్టి వెళ్లాడు.

ఆఫీసు పని మీద పరాయి దేశం వెళ్లి హోటల్లో దిగడం అంటే అందరికీ విమానం, సూట్‌కేసు గుర్తొస్తాయి. నేనూ ఒకసారి అలా వెళ్లాను, చెబుతాను. కానీ మా ఇంట్లో ఆ ముచ్చట అవతలి వైపు నుంచి మొదలైంది. మేం అతిథులం కావడానికి ముప్పై ఏళ్ల ముందే అతిథుల పక్కదుప్పట్లు మార్చినవాళ్లం.

*

మా నాన్నది అప్పటి శ్రీకాకుళం జిల్లాలో పార్వతీపురం పక్క పల్లె. 1957లో ఇరవై రెండేళ్ల వయసులో, ఒక మేస్త్రీ వెనకాల, పది పదిహేను మంది కూలీలతో కలిసి పార్వతీపురంలో రైలెక్కాడు. విజయనగరం నుంచి రాయపూర్ దాకా ఆ లైను 1930ల మొదట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు పూర్తి చేసింది. రాయగడ, టిట్లాగఢ్, కాంటాబాంజీ, మహాసముంద్ దాటితే రాయపూర్. అక్కణ్ణించి ఇంకాస్త దూరంలో భిలాయ్. ఇంతమంది ఉత్తరాంధ్రవాళ్లు ఆ ఊళ్లో ఎలా చేరారని ఎవరైనా అడిగితే, నేను ముందు ఈ రైలు దారే చూపిస్తాను. ఆకలి అందరికీ ఉంటుంది. అది ఏ ఊరికి నడిపిస్తుందో పట్టాలు చెబుతాయి.

అప్పటికి రెండేళ్ల కిందట, 1955 ఫిబ్రవరి 2న, ఢిల్లీలో భారత, సోవియట్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు తీసే కర్మాగారం. దాని కోసం ఇచ్చిన అప్పుకి రెండున్నర శాతం వడ్డీ, 12 వార్షిక వాయిదాలు. అదే కాలంలో పశ్చిమ జర్మనీ వాళ్లు రూర్కెలాలో, బ్రిటిష్ వాళ్లు దుర్గాపూర్‌లో ఉక్కు కర్మాగారాలు కడుతున్నారు. మూడు దేశాలు మన గడ్డ మీద పందెం కాసినట్టుండేది. భిలాయ్‌ని ఎంచుకోవడానికి లెక్కలున్నాయి. హౌరా–బొంబాయి రైలు మార్గం గుమ్మంలోనే ఉంది. ఇనప రాయి దల్లీ-రాజ్‌హరా కొండల్లో, సున్నపురాయి నందినిలో, నీళ్లు తాందులా జలాశయంలో ఉన్నాయి.

ఆ లెక్కల్లో ఊళ్లు కూడా పోయాయి. కర్మాగారానికీ, టౌన్‌షిప్‌కీ, గనులకీ కలిపి తొంభైకి పైగా పల్లెల భూమి తీసుకున్నారు. ఈ సంగతి ఇక్కడే చెప్పి ఉంచుతున్నాను. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇంకో చిత్రం ఉంది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదే రోజున కొత్త మధ్యప్రదేశ్ కూడా ఏర్పడింది. తెలుగువాళ్లందరికీ ఒక రాష్ట్రం వచ్చిన మరుసటేడే మా నాన్న దాన్ని వదిలి, దానితో కవల పుట్టిన రాష్ట్రానికి వెళ్లిపోయాడు. 2000లో మళ్లీ నవంబర్ 1నే అందులో మా ఊరున్న భాగం ఛత్తీస్‌గఢ్ అయింది. మేం టౌన్‌షిప్‌లో మా సెక్టర్ దాటకుండానే రాష్ట్రం మారాం.

*

మొదటి ఏడాది నాన్న పునాదుల దగ్గర మట్టి మోశాడు. తరవాత ఎవరో తెలిసినాయన హోటల్లో మనుషులు కావాలంటే వెళ్లాడు. అదే భిలాయ్ హోటల్. ఇప్పుడు భిలాయ్ నివాస్ అంటున్నారు. మనం హోటల్ అంటే ఇడ్లీ, సాంబారు అనుకుంటాం. నాన్న కూడా అలాగే అనుకుని వెళ్లి, పొయ్యి ఎక్కడుందని అడిగాడట. పొయ్యి కాదు, పొడుగాటి వరండాలూ, వరసగా గదులూ చూపించారు.

ఆ గదుల్లో ఉన్నవాళ్లు యాత్రికులు కాదు, వ్యాపారులూ కాదు. రష్యన్‌లో ‘కమందిరోఫ్కా’ అని ఒక మాట ఉంది. పై నుంచి ఉత్తర్వు మీద, పని అప్పగించి పంపే ప్రయాణం. వాళ్లు వచ్చింది దాని మీద. మాస్కోలోని గిప్రోమెజ్ సంస్థలో గీసిన నక్షాల చుట్టలు పట్టుకుని డిజైనర్లు, బిగింపు పనివాళ్లు, కొలిమి నిపుణులు, దుబాసీలు దిగేవాళ్లు. అందరికీ కలిపి మా ఊళ్లో ఒకటే పేరు: ‘స్పెషలిస్టు’. కుటుంబాలతో ఏళ్ల తరబడి ఉండిపోయేవాళ్లకి తరవాత క్వార్టర్లు వచ్చాయి; సెక్టర్ 7లో ‘రష్యన్ కాంప్లెక్స్’ అనే పేరు ఇంకా ఉంది. వాళ్ల పెద్ద వెనియమిన్ దిమ్‌షిత్స్. 1957 నుంచి 1959 దాకా భిలాయ్ నిర్మాణానికి చీఫ్ ఇంజినీరుగా ఉండి, తిరిగి వెళ్లాక సోవియట్ ఉప ప్రధాని స్థాయి దాకా ఎదిగాడు. మా నాన్నకి ఇవేవీ తెలీవు. ఏ గదిలో ఆయనకి చక్కెర ఎన్ని ముక్కలు, ఎవరికి దిండు రెండోది కావాలి, ఎవరు కిటికీ తెరిచే నిద్రపోతారు, ఇవి మాత్రం చనిపోయేదాకా చెప్పేవాడు.

విదేశీయుడు దిగగానే కౌంటరు దగ్గర గుమాస్తా ‘సీ ఫారం’ నింపేవాడు. పేరు, దేశం, పాస్‌పోర్టు నంబరు, ఎక్కణ్ణించి వచ్చాడు, ఎక్కడికి వెళతాడు. పోలీసులకి పంపాల్సిన కాగితం. ఆ కాగితంలో మనిషి గురించి అన్నీ ఉన్నట్టే ఉంటాయి. నాన్న మాత్రం తన సీ ఫారం తిన్న ప్లేటు మీద చదివేవాడు. “గదిలో ఉన్నోడికి ఏటి కావాలో ఆడు సెప్పడ్రా. బాస రాదు, ఒకేళ వచ్చినా మొగమాటం. ప్లేటులో ఏటి మిగిలిందో సూడు. ఆడి ఇల్లు ఏపు నుందో తెలిసిపోద్ది.”

మిరపకాయ మిగిలిందంటే అది లెక్కలోది కాదు, అందరూ వదిలేస్తారు. బంగాళాదుంప కూర తినేసి అన్నం వదిలితే రొట్టె కావాలని. తెల్ల రొట్టె పక్కకి నెడితే నల్ల రొట్టె కావాలని. ఒకాయన మూడు రోజులు వరసగా రొట్టె నడిమి భాగం తీసి అంచు మాత్రమే తిన్నాడట. నాన్న ఆలోచించి నాలుగో రోజు ఇంటి నుంచి చోడిపిండి రొట్టె కాల్పించుకుని పట్టుకెళ్లాడు. రంగు నలుపేగా, సరిపోతుందని. ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నవలలేక నవలలేక మింగి, పగలబడి నవ్వి, దుబాసీని పిలిపించి ఏదో చెప్పాడు. దుబాసీ హిందీలో అన్నాడు: “సాబ్ అంటున్నారు, ఇది రొట్టె కాదట, దీన్ని కొలిమిలో ఇటుకగా వాడొచ్చట.” నాన్న మొహం మాడిపోయింది. కానీ ఆ ఆదివారం ఆయనే నాన్నని ఆపి, చేత్తో గుండ్రంగా గీసి, ‘ఆ ఇటుక’ మళ్లీ తెమ్మన్నాడు. ఈసారి ఉప్పు చల్లుకుని, ఉల్లిపాయ నంజుకుని తిన్నాడు. ప్లేటులో ఏమీ మిగల్లేదు.

మే నెలలో భిలాయ్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మంచు దేశం నుంచి వచ్చినవాళ్లు మధ్యాహ్నం తడి దుప్పటి కప్పుకుని పడుకునేవారు. కిటికీలకి వట్టివేళ్ల తడికలు కట్టి, వాటి మీద గంట గంటకీ నీళ్లు కొట్టడం నాన్న పని. ఆ వాసన తగిలితే చాలు, పెద్దయ్యాక కూడా “రూసీవోళ్ల వాసన” అనేవాడు. మన నేలలో పుట్టిన వేరు వాసనకి రష్యా పేరు పెట్టిన మనిషి ప్రపంచంలో ఈయనొక్కడేనేమో.

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. ఆ వారం హోటల్ గదుల్లో పక్కలు నలగలేదని నాన్న చెప్పేవాడు. అందరూ కొలిమి దగ్గరే. ఫ్లాస్కుల్లో టీ పోసి జీపులకి ఎక్కించడమే పని. మరుసటి ఏడు ఫిబ్రవరిలో సోవియట్ నేత క్రుశ్చేవ్ స్వయంగా భిలాయ్ వచ్చాడు. రోడ్డు పక్కన జెండా పట్టుకుని నిలబడ్డ వేలమందిలో మా అమ్మ ఉంది, ఆమె చంకలో రెండేళ్ల నేను. నాకు గుర్తుండే వయసు కాదు. అయినా ‘నువ్వు క్రుశ్చేవ్‌ని చూసి ఏడిచావు’ అని జీవితమంతా చెప్పింది.

*

ఇరవై ఆరేళ్లు దాటాక, 1986 అక్టోబరులో, కమందిరోఫ్కా మీద వెళ్లడం నా వంతయింది. అప్పటికి నేను ప్లాంటులో ఇంజినీరుని. కర్మాగారాన్ని 40 లక్షల టన్నులకి పెంచే పని జోరుగా నడుస్తోంది. డ్రాయింగులూ విడిభాగాల జాబితాలూ పట్టుకుని నలుగురం మూడు వారాలకి మాస్కో వెళ్లాం. నాకు మాస్కో అంతకుముందే తెలుగులో పరిచయం. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వీయార్ లాంటివాళ్లు అక్కడే ఉండి తెలుగు చేసిన పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో కారుచవగ్గా దొరికేవి. వాటిల్లో సమోవార్లు, గుర్రపు బళ్లు, మంచు. మాకు దొరికింది వేరే మాస్కో.

దింపింది రసీయా హోటల్లో. ఎర్ర మైదానానికి ఆనుకుని, సెయింట్ బాసిల్ చర్చి రంగురంగుల గుమ్మటాల వెనకాల. 1967లో తెరిచారు. 3 వేలకి పైగా గదులు. ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా పెద్ద హోటల్ అదే. నాలుగు వైపులా నాలుగు పన్నెండంతస్తుల భవనాలు, నడుమ ఖాళీ, ఒక ఎత్తయిన శిఖరం. దిక్కుకొక ద్వారం. తూర్పు ద్వారంలో వెళ్లాల్సినవాణ్ణి మొదటి రాత్రి పడమటి ద్వారంలో దూరి, గంటసేపు ఎర్ర తివాచీల మీద నడిచాను. ఒకే పొడుగు వరండా, ఒకే రకం తలుపులు. మా సెక్టర్లో కొత్తగా వచ్చినవాళ్లు పక్క వీధిలో పరాయి క్వార్టర్ తలుపు తడతారే, అచ్చం అలాగే ఒక తలుపు తట్టి, పైజమాలో ఉన్న ఒక పెద్దాయన చేత దారి చెప్పించుకున్నాను.

ప్రతి అంతస్తులో లిఫ్టు ఎదురుగా బల్ల వేసుకుని ఒకావిడ కూర్చుంటుంది. దేజూర్నయ. గది తాళంచెవి మన జేబులో ఉండకూడదు. బయటికి వెళ్లేటప్పుడు ఆవిడ చేతికివ్వాలి, తిరిగొచ్చి హోటల్ కార్డు చూపిస్తే ఇస్తుంది. తాళంచెవికి కట్టిన బిళ్ల అంత బరువుగా ఎందుకో రెండో రోజుకి అర్థమైంది: మరిచిపోయి జేబులో వేసుకుంటే ప్యాంటు జారిపోతుంది. పాస్‌పోర్టులు రిజిస్ట్రేషన్‌కని తీసుకున్నారు. తోటివాళ్లు కంగారుపడ్డారు. నాకు కంగారు లేదు. సీ ఫారం నింపేవాళ్ల ఇంట్లో పెరిగినవాణ్ణి.

మా అంతస్తు దేజూర్నయకి యాభై దాటి ఉంటాయి. నెత్తి మీద ఊలు శాలువా, చేతిలో ఎప్పుడూ అల్లిక. ఇండియా అనగానే “రాజ్ కపూర్” అంది. డ్యూటీ మారాక వచ్చిన చిన్నావిడ “డిస్కో డాన్సర్” అంది. ఒక్క బల్ల దగ్గరే రెండు తరాలు తెలిసిపోయాయి.

ఉదయం బఫేలో ఉడికించిన గుడ్లు, సాసేజీలు, గ్రేచ్కా గింజల అన్నం, కేఫీర్. మాతో వచ్చిన ఒకాయన శాకాహారి. మొదటి రోజు రొట్టె, టీ తప్ప ఏదీ ముట్టలేదు. కేఫీర్ గ్లాసు నేను వాసన చూసి, “ఇది మజ్జిగేనండీ, కాస్త గీర మజ్జిగ” అన్నాను. ఆయన దాంట్లో ఉప్పు వేసుకుని, గ్రేచ్కా అన్నంలో కలిపి, సంచిలోంచి ఆవకాయ సీసా తీశాడు. బఫే ఆవిడ చూసి కేక పెట్టింది. కేఫీర్‌ని అన్నంలో పోయడమేమిటని కాబోలు. ఆయన నాలుగు ముద్దలు తిని, కళ్లు మూసుకుని, “తిరుపతిలో ఉన్నట్టుంది” అన్నాడు. మర్నాటి నుంచి మా బల్ల దగ్గరికి అడక్కుండానే రెండు కేఫీర్ గ్లాసులు ఎక్కువ వచ్చేవి. మేం వదిలేసిన సాసేజీలు మాత్రం రావడం మానేశాయి. నాన్న మాట గుర్తొచ్చింది. ఆవిడా ప్లేట్లు చదివే మనిషే.

పగలంతా డ్రాయింగుల మీద వాదనలు. సాయంత్రం ప్లోషద్ నోగినా స్టేషన్ నుంచి మెట్రోలో ఐదు కోపెక్కులు వేసి ఊరంతా తిరిగేవాళ్లం. పదింటికి తిరిగొస్తే దేజూర్నయ టీ ఇచ్చేది, గ్లాసులో, గ్లాసు తొడుగులో. తొడుగు తిప్పి అడుగు చూశాను. అదే ముద్ర. మా ఇంట్లో ఇలాంటిదుందని నాకొచ్చిన పది మాటల్లో చెప్పబోయాను. “మోయ్ అతేత్స్... భిలాయ్... గస్తీనిత్స” అన్నాను: మా నాన్న, భిలాయ్, హోటల్. ఆవిడ నన్ను భిలాయ్‌లో హోటల్ ఓనరు కొడుకు అనుకుంది. వెళ్లేదాకా ఆ గౌరవం తగ్గించలేదు. నేనూ దిద్దలేదు.

*

ఆ హోటల్ ఇప్పుడు లేదు. 2006లో కూల్చడం మొదలుపెట్టి, 2017లో ఆ చోట జర్యాద్యే అని పార్కు తెరిచారు. సోవియట్ దేశం అంతకు ముందే, 1991లో, ఖాళీ చేసి వెళ్లిపోయింది. అతిథి ఉన్నాడు, హోటల్ పోయింది. ఇక్కడ హోటల్ ఉంది, అతిథులు పోయారు. భిలాయ్ నివాస్‌లో ఇవాళ కాఫీ హౌస్ నడుస్తోంది. విసనకర్ర తలపాగాల బేరర్లు దోశలు తెస్తారు. హోటల్ అంటే పొయ్యి ఎక్కడని మా నాన్న వేసిన ప్రశ్నకి ఇన్నేళ్లకి జవాబు దొరికింది.

రూసీవాళ్లు ప్లేటులో ఏం మిగిల్చి వెళ్లారు? కర్మాగారం సరే, అది లెక్కలోది. దేశంలో రైళ్లు పరిగెత్తే పట్టాల్లో చాలా మటుకు భిలాయ్‌లో పుట్టినవే. 1972లో స్నేహానికి గుర్తుగా పెట్టిన మైత్రీ బాగ్ ఉంది. పిల్లలు తెల్లపులిని చూడ్డానికి వెళతారు, ఎవరి మైత్రో అడగరు. ముసలి ఫిట్టర్ల నోట్లో ‘ఖరషో’ (బాగుంది) అనే రష్యన్ మాట ఉంది.

మరి మేం? ఇన్నాళ్లూ అతిథులంటే తెల్లవాళ్లే అనుకున్నాను. రిటైరయ్యాక గాని బుర్రకెక్కలేదు. ఆ ఊళ్లో తెలుగువాళ్లం, మలయాళీలం, బెంగాలీలం, పంజాబీలం అందరం కమందిరోఫ్కా మీద వచ్చినవాళ్లమే. కాకపోతే నాన్నది ముప్పై ఆరేళ్ల బస. సెక్టర్ 5లో బాలాజీ గుడి కట్టుకున్నాం, ఆంధ్ర సాహిత్య సమితి పెట్టుకున్నాం, సంక్రాంతికి గుమ్మాల్లో ముగ్గులేశాం. కానీ క్వార్టర్ కంపెనీది. నంబరు కంపెనీది. తాళంచెవి చివర్లో బల్ల మీద పెట్టాల్సిందే. అసలు ఇల్లు ఆ తొంభై చిల్లర పల్లెల వాళ్లది. వాళ్ల చెరువుల పేర్లూ, పొలం గట్లూ మా సెక్టర్ల కింద ఉన్నాయి. పొలం పోయినందుకు వాళ్లలో కొందరికి ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. తన పొలంలోకి తానే గేట్ పాస్ చూపించి వెళ్లిన మనిషితో నేను ఒకే షిఫ్టులో పని చేశాను. ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. ఒక్కసారి మాత్రం, ఫర్నేస్ వైపు చెయ్యి చూపించి, అక్కడ మాకు మహువా చెట్టుండేది అన్నాడు.

1993లో నాన్న రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేశాం. గుమాస్తా కాగితం పట్టుకుని గది గదికీ తిరిగాడు. ఫ్యాన్లు ఇన్ని, బల్బు హోల్డర్లు ఇన్ని, కుళాయిలు ఇన్ని, తాళంచెవులు రెండు. నాన్న పక్కనే నడుస్తూ, ముప్పై ఏళ్లు అతిథుల గదులు అప్పజెప్పించుకున్న అలవాటుతో, గుమాస్తా మరిచిపోయిన ఒక గడియ కూడా రాయించాడు. పెరట్లోకి వచ్చాక ఆగాడు. అక్కడ 1965లో తను పాతిన మునగ ఉంది. పార్వతీపురం నుంచి తడిగుడ్డలో చుట్టి రైల్లో తెచ్చిన కొమ్మ. “ఇది రాసుకోవా?” అన్నాడు. గుమాస్తా కాగితం పైకీ కిందకీ చూసి, దీనికి కాలమ్ లేదు అన్నాడు.

నేను రిటైరై భిలాయ్ వదిలిన ఏడాది, 2018లో, ఒకసారి ఆ వీధి మీదుగా వెళ్లాను. చెట్టు ఉంది, ముదిరిపోయి. ఛత్తీస్‌గఢీ కుటుంబం ఉంటోంది. కర్రకి కొక్కెం కట్టి ఒకావిడ కాయలు లాగుతోంది. ఆగి చూస్తుంటే, కావాలా అని రెండు కాయలు గోడ మీద నుంచి అందించింది. వీటిని మీరేమంటారు అని అడిగాను.

“మునగా” అంది.

నాన్న పనిచేసిన హోటల్లో రొట్టె ముక్కకి కూడా దుబాసీ కావలసి వచ్చింది. ఈ మాటకి అక్కర్లేకపోయింది. కాయలు తీసుకుని, తాగుతావా అని ఆవిడ ఇచ్చిన నీళ్లు గోడ ఇవతల నిలబడే తాగి, గ్లాసు తిరిగి ఇచ్చి వచ్చాను.